తిప్పతీగ కషాయం, పెద్దమ్మ ఆదివారం బిళ్ళ: "ఇమ్యూనిటీ" మన ఊరికి ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ కూడా చరిత్రే, కాకపోతే రాజుల చరిత్ర కాదు. పల్నాటి యుద్ధం చెప్పమని అడుగుతున్నవాళ్లు కాస్త ఆగండి, అది ఇంకోసారి. ఈరోజు చెప్పేది ఒక మాట చరిత్ర. ఆ మాట "ఇమ్యూనిటీ". మీ అమ్మ నోటి నుంచి మీరు ఈ మాట మొదటిసారి ఎప్పుడు విన్నారో గుర్తు తెచ్చుకోండి. చాలామందికి 2020లోనే అయ్యుంటుంది. మా ఇంట్లోనూ అంతే.

మాది ఈపూరు. వినుకొండ దగ్గర. మిర్చి, పత్తి, పొగాకు వేసే ఊరు. మా పెద్దమ్మ చేతులు చిన్నప్పటి నుంచి మిరపకాయల తొడిమలు తీసిన చేతులు. ఆ చేతులకే కీళ్లవాతం వచ్చింది. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకునేవి కావు, జడ వేసుకోవడానికి కూడా ఎవరో ఒకరు కావాలి. డాక్టరు వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర రాశారు. దాన్ని ఆమె "ఆదివారం బిళ్ళ" అనేది. రెండేళ్లు వాడింది, వేళ్లు తిరిగాయి, మళ్లీ పనికి పోయింది.

2020లో లాక్‌డౌన్ వచ్చాక నేను హైదరాబాదు నుంచి ఊరికి వచ్చేశాను. ఫోన్‌లో రోజూ మెసేజ్‌లు. తిప్పతీగ కషాయం తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుంది, కరోనా దగ్గరికి కూడా రాదు అని. మా చేను గట్టు మీద వేపచెట్టుకి తిప్పతీగ పాకి ఉంటుంది. ఆ అక్టోబరులో తీగ కోసుకొచ్చింది నేనే. రోజూ పొద్దున మరిగించి పెద్దమ్మకి గ్లాసుడు ఇచ్చిందీ నేనే.

2021 జనవరిలో ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. ఇరుగుపొరుగు పసరు పోయిద్దాం అన్నారు. సరే అని ఐదు రోజులు ఆ పసరుతో పోగొట్టాం. తర్వాత నరసరావుపేట తీసుకెళ్తే రక్తపరీక్షలో లివర్ బాగా దెబ్బతిని ఉంది. వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్. డాక్టరు అడిగారు, "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని. "ఆదివారం బిళ్ళ తప్ప ఇంకే మందూ లేదయ్యా" అంది పెద్దమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో కషాయం మందు కాదు. పక్కన నిలబడ్డ నేనూ నోరు మెదపలేదు, ఎందుకంటే నా లెక్కలోనూ అది మందు కాదు.

ఆమె తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. ముందు, ఊరి కంచెల మీద పాకే ఒక తీగ "ఇమ్యూనిటీ బూస్టర్" ఎలా అయిందో చూద్దాం.

అమ్మవారు, వేపాకు, టీకా

మాట కొత్తదే గానీ, ఆ మాట వెనకున్న అనుభవం మనవాళ్లకి కొత్త కాదు. మశూచిని మన పల్లెల్లో "అమ్మవారు పోసింది" అనేవాళ్లు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు, ఒంటికి పసుపు, వేపాకు నూరి రాసేవాళ్లు, పోలేరమ్మకి చల్లి నైవేద్యం పెట్టేవాళ్లు. ఇవన్నీ చేస్తూనే ఇంకో సంగతి కూడా గమనించారు. ఒకసారి అమ్మవారు పోసి బతికినవాళ్లకి మళ్లీ పోయదు. ఒంట్లో ఏదో గుర్తుండిపోతుంది అన్నమాట. ఇమ్యూనిటీ అంటే అసలు అదే.

ఆ గుర్తును రోగం రాకుండానే ఒంటికి నేర్పించవచ్చని 1796లో ఇంగ్లాండులో ఎడ్వర్డ్ జెన్నర్ చూపించాడు. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకి వేసిన టీకా మన దేశంలో మొదటిది. అక్కడి నుంచి టీకా పూనా, సూరత్, హైదరాబాదు, మద్రాసులకి పాకింది. మన దేశంలో మశూచి ఆఖరి కేసులు 1975లో. 1980లో ప్రపంచమంతా పోయిందని ప్రకటించారు. వేపాకు పుండ్లకి చల్లదనం ఇచ్చి ఉండొచ్చు, ఈగల్ని తోలి ఉండొచ్చు. మశూచిని ఆపింది మాత్రం టీకా.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వద్దాం. "ఇమ్యూనిస్" అనేది లాటిన్ మాట. రోమన్ల కాలంలో పన్నుల నుంచి, ఊరి వెట్టి నుంచి మినహాయింపు పొందినవాణ్ణి అలా పిలిచేవాళ్లు. ఫలానా రోగం నుంచి మినహాయింపు అనే అర్థంలో డాక్టర్లు ఆ మాటను తెచ్చుకున్నారు. మినహాయింపు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దాన్ని పెంచుకోవడం అనే మాట ఉండదు.

మనం దాన్ని తెలుగులోకి ఎలా తెచ్చుకున్నాం? "రోగ నిరోధక శక్తి" అని. అక్కడ "శక్తి" అనే మాట వచ్చి చేరింది. శక్తి అన్నాక ఎంత ఉంటే అంత మంచిది కదా. కండబలం లాగా, బ్యాటరీ చార్జింగ్ లాగా. "నీ ఇమ్యూనిటీ ఎంత పర్సెంట్?" అని అడిగేదాకా వచ్చాం. నా లెక్కలో మా ఇంట్లో జరిగిన పొరపాటుకి బీజం ఈ ఒక్క మాటలోనే ఉంది.

పాత పుస్తకాల్లో తిప్పతీగ

తిప్పతీగ సంస్కృతం పేరు గుడూచి. ఇంకో పేరు అమృత. కోసి పడేసిన ముక్క కూడా ఎండిపోకుండా మళ్లీ చిగురిస్తుంది, మీరూ చూసే ఉంటారు. గుండె ఆకారంలో ఆకులు, నోట్లో పెట్టుకుంటే చేదు. వేపచెట్టు మీద పాకిన తీగైతే ఇంకా గొప్పదని మనవాళ్ల నమ్మకం.

చరక సంహితలో ఈ తీగ చాలాచోట్ల ఉంది. జ్వరాలకి ఉంది. వాతరక్తానికి, అంటే కీళ్లు వాచి మండే జబ్బుకి ఉంది. నాలుగు మేధ్య రసాయనాల్లో ఒకటిగా ఉంది. మేధ్యం అంటే బుద్ధికి పనికొచ్చేది. "ఇమ్యూనిటీ కోసం" అని మాత్రం లేదు, ఉండదు కూడా, ఆ ఆలోచనే తర్వాతది.

అయితే చరకుడు "వ్యాధిక్షమత్వం" అనే మాట వాడాడు. అందరి శరీరాలూ రోగాన్ని ఒకేలా తట్టుకోలేవు అని చెప్పే సందర్భం అది. 11వ శతాబ్దంలో చక్రపాణిదత్తుడు దానికి వ్యాఖ్య రాశాడు: వచ్చిన రోగం బలాన్ని ఎదిరించడం, రాబోయే రోగాన్ని అడ్డుకోవడం అని. ఈ కాలం వాళ్లు ఆ మాటను ఇమ్యూనిటీకి సమానంగా పెట్టారు. పోలిక ఉంది, కాదనను. కానీ చరకుడు చెప్పే క్షమత్వంలో తిండి, నిద్ర, వయసు, ఒంటి తత్వం, మనసు అన్నీ ఉన్నాయి. అది ఒక్క సీసాలో పట్టే సరుకు కాదు.

ఇంకో తేడా చూడండి. పాత పద్ధతిలో వైద్యుడు నాడి చూసి, మనిషిని బట్టి ఇచ్చేవాడు. ఇన్ని రోజులు అని గడువు పెట్టేవాడు. దానికి పథ్యం ఉండేది. మా తాతమ్మ కాలం వాళ్లకి "పథ్యం లేని మందు" అంటే నమ్మకమే ఉండేది కాదు. మేం పెద్దమ్మకి ఇచ్చిన కషాయానికి గడువూ లేదు, పథ్యమూ లేదు. "రోజూ తాగండి" అని మెసేజ్‌లో ఉంది, అంతే.

ఇంగ్లీషువాళ్లు కూడా ఈ తీగను వదల్లేదు. 1868లో వచ్చిన ఫార్మకోపియా ఆఫ్ ఇండియాలో "గులంచ" పేరుతో ఇది అధికారిక మందుల్లో చేరింది. ఎందుకు? టానిక్‌గా, విడతలు విడతలుగా వచ్చే జ్వరాలకి.

మద్రాసులో పెద్ద గొడవ

ఇక్కడి నుంచి కథ మద్రాసు చేరుతుంది. అప్పుడు మన పల్నాడు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

ప్లేగు రోజుల్లో పేరు మోగిన తెలుగు వైద్యుడు పండిత దీవి గోపాలాచార్యులు. మద్రాసులో ఆయుర్వేదాశ్రమం నడిపారు. ప్లేగుకి ఆయన హైమాది పానకం, శతధౌత ఘృతం అనే రెండు మందులు తయారుచేశారు, అవి బాగా ప్రచారంలోకి వచ్చాయి. అంటే మహమ్మారి వచ్చినప్పుడు జనం నాటు మందు వైపు పరుగెత్తడం 2020లో పుట్టింది కాదు. దొర డాక్టరు దగ్గర కూడా మందు లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? తెలిసిన చేతిని పట్టుకుంటాడు.

1918లో మద్రాసు ప్రభుత్వం ఒక పని మొదలుపెట్టింది. దేశీయ మందులు నిజంగా పనిచేస్తాయో లేదో చూడమని డాక్టర్ కోమన్‌కి అప్పజెప్పింది. ఆయన ఆసుపత్రిలో రోగులకి ఇచ్చి చూసి రిపోర్టులు రాశారు. కొన్ని పనికొస్తాయన్నారు, ఆయుర్వేద శాస్త్రం పద్ధతిని మాత్రం తీసిపారేశారు. వైద్యులు భగ్గుమన్నారు. మా వైద్యం తెలియనివాడు మా మందును ఎలా తూస్తాడు అని ఎదురు రిపోర్టు వేశారు. 1921లో ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఇంకో కమిటీ వేసింది. 1923లో వచ్చిన వాళ్ల రిపోర్టు దేశీయ వైద్యం వైపు గట్టిగా నిలబడింది. కొద్దికాలానికే మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వచ్చింది.

నూరేళ్ల నాటి ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు. టీవీ చర్చల్లో ఆయుర్వేదం డాక్టరు, అల్లోపతి డాక్టరు అరుచుకుంటుంటే వినండి. కోమన్, ఉస్మాన్ కమిటీల మాటలే మళ్లీ వినిపిస్తాయి.

అదే రోజుల్లో పత్రికల్లో మందుల ప్రకటనల కాలం మొదలైంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే తర్వాత 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మందూ పత్రికా ఒకే చేతిలో పెరిగాయి. ఆ తరం మందుల ప్రకటనల్లో వినిపించిన మాటలు బలం, రక్తశుద్ధి, నరాల పుష్టి. ఒక్కో కాలంలో జనానికి దేని గురించి భయం ఉంటే ప్రకటన ఆ మాటే పట్టుకుంటుంది. నీరసం భయం ఉన్నప్పుడు "బలం". వైరస్ భయం వచ్చినప్పుడు "ఇమ్యూనిటీ".

దీంట్లో చట్టం మెలిక కూడా ఒకటుంది. 1954లో వచ్చిన మందుల ప్రకటనల చట్టం ప్రకారం యాభైకి పైగా రోగాల పేర్లు చెప్పి "నయం చేస్తాం" అని ప్రకటన వేయకూడదు. కానీ ఇమ్యూనిటీ రోగం కాదు కదా, ఆ జాబితాలోకి రాదు. "మధుమేహం తగ్గిస్తాం" అంటే నేరం, "ఇమ్యూనిటీ పెంచుతాం" అంటే ఎవరూ అడగరు. అమ్మేవాడికి ఇంతకంటే అనువైన మాట ఎక్కడ దొరుకుతుంది?

కల్లం కాపలా

అసలు ఒంట్లో ఏం జరుగుతుందో మా ఊరి భాషలో చెప్తాను.

మిర్చి కోతల తర్వాత కల్లంలో కాయ ఆరబోస్తాం. రాత్రికి కాపలా పెడతాం. ఆ కాపలావాడు ఎలాంటోడై ఉండాలి? దొంగను పట్టాలి. అంతకంటే ముందు ఆసామి ఎవరో, ఇంటి మనుషులు ఎవరో గుర్తుపట్టాలి. కర్రలు పట్టుకున్నవాళ్లు పదిమంది ఉండి, మనిషి కనపడితే చాలు బాదేస్తే, కల్లం ఏమవుతుంది? దొంగ రాకుండానే ఆసామి తల పగులుతుంది.

రోగ నిరోధక వ్యవస్థ కూడా అంతే. 1882లో మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి చూశాడు. కణాలు దాని చుట్టూ మూగి మింగడానికి ప్రయత్నించాయి. అది కాపలా దండులో ఒక భాగం. జర్మనీలో పాల్ ఎర్లిక్ రక్తంలోని విరుగుడు పదార్థాల గురించి పనిచేస్తూ, ఈ దండు సొంత ఒంటి మీదికే తిరిగితే ఎంత ఘోరమో ఆలోచించాడు. 1908లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఎర్లిక్ భయపడినట్టే, సొంత ఒంటి మీద తిరగబడే జబ్బులు చాలా ఉన్నాయని తర్వాత తేలింది. వాటినే ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. మా పెద్దమ్మ కీళ్లవాతం అలాంటిదే. ఆమెకి ఇమ్యూనిటీ తక్కువై రోగం రాలేదు. కాపలావాళ్లు ఆమె కీళ్లనే దొంగ అనుకున్నారు. అలాంటి మనిషికి నేను "ఇమ్యూనిటీ పెంచే" కషాయం పోశాను.

తిప్పతీగకి నిజంగా ఆ పని ఉందా అంటే, ఉందనడానికి ఆధారం ఉంది. 1980ల నుంచి బొంబాయిలో డాక్టర్ శారదిని దహనూకర్ బృందం దీని మీద పనిచేసింది. 1993లో వాళ్లు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది రోగులు. ఆపరేషన్‌కి ముందు కొందరికి తిప్పతీగ ఇచ్చారు. వాళ్లలో తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగే శక్తి మెరుగైంది. మంచి పని, జాగ్రత్తగా చేసిన పని. రోగం తెలుసు, గడువు తెలుసు, పక్కన డాక్టర్లున్నారు.

కామెర్ల రోగికి సాయం చేస్తుందని పరీక్షించిన తీగ అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2020: ఇంటింటా కషాయం

2020 మార్చి 31న ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇమ్యూనిటీ కోసం సలహాలు ఇచ్చింది. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షతో కషాయం, పసుపు పాలు, చ్యవనప్రాశ. ఏప్రిల్ 14న ప్రధానమంత్రి తన ప్రసంగంలో ఆ సలహాలు పాటించమన్నారు. ఇందులో మన వంటింట్లో లేనిది పెద్దగా లేదు. మన మిరియాల చారు, శొంఠి కాఫీ లాంటివే.

జూన్ 23న కొరొనిల్ వచ్చింది. అందులో తిప్పతీగ, అశ్వగంధ, తులసి ఉన్నాయి. కరోనా తగ్గిస్తుందని ప్రకటించిన రోజే ఆయుష్ శాఖ ఆ ప్రచారం ఆపమంది. తర్వాత అది ఇమ్యూనిటీ బూస్టర్ అనే పేరుతో అమ్ముడుపోయింది. ఇందాక చెప్పిన మెలిక ఇదే: రోగం పేరు తీసేసి, ఇమ్యూనిటీ అని పెడితే సరి. అక్టోబరు 6న ఆయుష్ శాఖ ఆయుర్వేద ప్రోటోకాల్ విడుదల చేసింది. కరోనా రాకుండా వాడే వాటిలో గుడూచి, అశ్వగంధ పేర్లున్నాయి. నేను తీగ కోసింది సరిగ్గా ఆ నెలలోనే.

తర్వాత 2021 మే. రెండో వేవ్. ఆక్సిజన్ బెడ్ కోసం జనం ఏడుస్తున్న రోజులు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య గారు ఉచితంగా ఇస్తున్న మందు కోసం వేలమంది వచ్చారు. రద్దీ చూసి ప్రభుత్వం పంపిణీ ఆపించింది, మందును పరీక్షకి పంపింది. మే 31న అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకి తప్ప. హాని లేదు అన్నారు, కరోనా తగ్గుతుందని నిరూపణ లేదు అనీ అన్నారు. జనం మొదటి సగమే విన్నారు.

ఆ క్యూలో నిలబడ్డవాళ్లని నేను వెక్కిరించను. డబ్బు తీసుకోకుండా ఇస్తున్న మనిషి, ఆసుపత్రిలో చోటు లేని రోగి. మన జిల్లా నుంచి కూడా పోయారు. నేనూ ఇంట్లో తీగ మరిగించినవాణ్ణే.

అదే ముంబై, అదే తీగ

2021 జూలైలో ఫోన్‌లో ఒక వార్త చదివి నా గుండె జారింది. ముంబై డాక్టర్లు ఒక వ్యాసం ప్రచురించారు. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య కామెర్లతో వచ్చిన ఆరుగురు రోగులు. ఆరుగురూ తిప్పతీగ వాడినవాళ్లే. లివర్ ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, రోగ నిరోధక కణాలు సొంత లివర్ మీద దాడి చేసినట్టు ఉంది. కొందరికి అప్పటికే ఆటోఇమ్యూన్ తత్వం ఉంది. అంటే నిద్రపోతున్న కాపలావాణ్ణి ఈ తీగ లేపి ఉండొచ్చు, లేచినవాడు ఇంటివాళ్ల మీద పడ్డాడు అన్నమాట.

1993లో కామెర్ల రోగికి సాయపడిన తీగ, 2021లో కామెర్లకి కారణంగా కనపడింది. రెండూ ముంబైలోనే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలని లేదు. ఒంట్లో రక్షక కణాల్ని కదిలించే గుణం నిజంగా ఉంటే, ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు రెండూ దాని నుంచే రావచ్చు. నిజంగా పనిచేసే ఏ మందుకైనా ఇది ఉంటుంది. "సైడ్ ఎఫెక్ట్ అసలే లేదు" అన్నారంటే, ఎఫెక్ట్ కూడా లేదేమో అని అనుమానించాలి.

ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. రోగులు వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే జాతి తీగా అని ముందు తేల్చలేదు కదా అంది. నిజంగానే తిప్పతీగను పోలిన చుట్టాల తీగలున్నాయి, ఒకదానికి కాండం మీద బుడిపెలు ఎక్కువ. ప్రశ్న న్యాయమైనదే. 2022లో దేశంలోని 13 కేంద్రాల డాక్టర్లు కలిసి ఇంకో అధ్యయనం వేశారు. ఈసారి 43 మంది రోగులు. వాడకం మొదలెట్టిన నెలన్నర చుట్టూ లక్షణాలు బయటపడ్డాయి. ఇక్కడా లివర్ మీద ఆటోఇమ్యూన్ లాంటి దాడే. ఆయుష్ శాఖ మళ్లీ తిప్పతీగ క్షేమమే అంది.

లెక్క కూడా సరిగ్గా చూడాలి. కోట్లమంది తాగారు, చాలామందికి ఏమీ కాలేదు. తిప్పతీగ విషం అని నేను అనడం లేదు. ఎవరికి పడదో ముందే తెలియదు, ఆటోఇమ్యూన్ జబ్బు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువగా కనపడింది. నేను చెప్పేది అంతవరకే.

పసరు సంగతి కూడా ఒక ముక్క. పసరుతో కామెర్లు తగ్గాయని మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. కలుషిత నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి పోతుంది. మా పెద్దమ్మవి ఆ రకం కామెర్లు కావు. అందుకే ఆ ఐదు రోజులు మాకు నష్టం.

ఆదివారం బిళ్ళ వెనక మన మనిషి

ఇప్పుడు పెద్దమ్మ వేసుకునే ఆదివారం బిళ్ళ దగ్గరికి వద్దాం. దాని పేరు మెథోట్రెక్సేట్. దాని కథ మొదలయ్యేది కూడా మన దగ్గరే.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు, గాంధీ పిలుపుకి ఖద్దరు వేసుకున్నాడు, దానికి శిక్షగా పూర్తి డిగ్రీ బదులు తక్కువ పట్టా దక్కింది. ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. అప్పుడు చేరింది ఎక్కడో తెలుసా? మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో, శరీరశాస్త్రం చెప్పడానికి. లక్ష్మీపతి గారు అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన మనిషి. ఇందాకటి మద్రాసు గొడవ జరుగుతున్న రోజులే అవి.

అక్కడి నుంచి సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో పనిచేశాడు, 1940లో లెడర్లీ ప్రయోగశాలకి మారాడు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందు. తర్వాత ఆ ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే పదార్థాలు చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయారు, వయసు 53. అమినోప్టెరిన్ చెల్లెలే మెథోట్రెక్సేట్. 1951లో అమెరికా డాక్టర్లు ఈ జాతి మందును కీళ్లవాతానికి ఇచ్చి చూశారు, వాపు తగ్గింది. ఇప్పుడు ప్రపంచమంతా కీళ్లవాతానికి తక్కువ మోతాదులో, వారానికి ఒకసారి ఇచ్చే ముఖ్యమైన మందు ఇది. చేసే పని? రెచ్చిపోయిన కాపలావాళ్లని శాంతపరచడం. దాంతో పాటు ఇంకో రోజు వేసుకోమని ఇచ్చే చిన్న మాత్ర ఫోలిక్ యాసిడ్. రెండూ సుబ్బారావు బృందం పనే.

ఈ బిళ్ళకీ దోషం ఉంది. లివర్‌ని దెబ్బతీయగలదు. అందుకే కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయించమంటారు. బిళ్ళ మీద ఆ హెచ్చరిక ఉంది, ఆ లెక్క ఉంది. మా చేను గట్టు మీది తీగకి లేవు. నాటుదా, ఇంగ్లీషుదా అని కాదు, కొలత ఉందా లేదా అన్నదే నాకు కనపడే తేడా. లాక్‌డౌన్‌లో మేం ఆ రక్తపరీక్ష కూడా మానేశాం, అది కూడా మా తప్పే.

పెద్దమ్మకి ఏమైంది

డాక్టరు రెండోసారి అడిగారు. ఈసారి వేరేగా అడిగారు: "పొద్దున లేచి ఏం తాగుతావమ్మా?" అప్పుడు పెద్దమ్మ టక్కున చెప్పింది, "మా అబ్బాయి కషాయం కాచి ఇస్తాడయ్యా" అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో గర్వం ఉంది. నాకు మాత్రం తల దించుకోవాల్సి వచ్చింది.

కషాయం ఆపించారు. బిళ్ళ కూడా ఆపించారు. కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇచ్చారు. లివర్ కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పట్టింది. ఆ నెలల్లో కీళ్లు మళ్లీ బిగిశాయి, ఒక మిర్చి సీజన్ అంతా పనికి పోలేదు. లివర్‌ని దెబ్బతీసింది తీగా, బిళ్ళా, రెండూ కలిసా అని డాక్టరు గారిని అడిగాను. "కచ్చితంగా చెప్పలేం బాబూ. నువ్వు ముందే చెప్పుంటే వెతుక్కునే పని తగ్గేది" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

ఇప్పుడు పెద్దమ్మ బాగానే ఉంది. ఆదివారం బిళ్ళ తక్కువ మోతాదులో మళ్లీ మొదలైంది, రక్తపరీక్ష మానడం లేదు. వేపచెట్టు మీద తిప్పతీగ అట్టాగే ఉంది. కొట్టేద్దామా అని అడిగితే, "దాని పాపమేముందిరా, పాకనీయ్" అంది.

ఈ కథ నుంచి మీరు పట్టుకెళ్లాల్సింది ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది, ఫోన్‌లో రిపోర్టులు చూపించేది మీరే కదా. మందుల చీటీతో పాటు కషాయం, చూర్ణం, పసరు, ఆన్‌లైన్‌లో కొన్న గోలీ, ఏవి వాడుతున్నా ఆ పేర్లు కూడా రాసుకెళ్లండి. "మందులేమైనా వాడుతున్నారా" అంటే వాళ్లు లేదంటారు. అప్పుడు పక్కనున్న మీరు నోరు విప్పండి. నేను విప్పలేదు.

ఇంటికెళ్లి మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒక మాట అడగండి: వాళ్ల చిన్నప్పుడు తిప్పతీగ దేనికి వాడేవాళ్లు, ఎన్ని రోజులు, ఏం పథ్యం పెట్టేవాళ్లు అని. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఫార్వర్డ్ మెసేజ్‌లో లేని గడువు, పథ్యం ఆమె నోట్లో ఉంటాయి. మళ్లీ కలుద్దాం. సెలవు.